తలవంచిన అధ్యక్షుడు, తలెత్తిన దేశం

ప్రపంచమంతా వెలివేసిన దక్షిణాఫ్రికా కొద్ది సంవత్సరాలలో గౌరవనీయ దేశంగా ఎలా మారింది? ఆ గౌరవం తరువాత ఎందుకు తరిగింది?

1998 మార్చి నెల. ప్రిటోరియా నగరంలోని హైకోర్టుకు ఒక వృద్ధుడు సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. మరి నాలుగు నెలలలో ఆయనకు ఎనభయ్యేళ్ళు నిండుతాయి. ముప్పయి నాలుగేళ్ళ క్రితం ఇదే నగరంలో న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. ఈసారి ఆయన ముద్దాయి కాదు, దేశాధ్యక్షుడు. పేరు నెల్సన్ మండేలా.

వ్యాజ్యం చూడబోతే పెద్దదేమీ కాదు. రగ్బీ క్రీడాసంఘం నిర్వహణపై వచ్చిన ఆరోపణలను విచారించడానికి అధ్యక్షుడు ఒక కమిషన్‌ను నియమించారు. క్రీడాసంఘం ఆ నియామకాన్ని సవాలు చేసింది. నిర్ణయం ఎలా తీసుకున్నారో అధ్యక్షుడు స్వయంగా వచ్చి చెప్పాలని న్యాయమూర్తి ఆదేశించారు. పదవిలో ఉన్న అధ్యక్షుడిని న్యాయస్థానం అలా సాక్షిగా రప్పించడం ఆ దేశ చరిత్రలో అంతకు ముందు ఎన్నడూ లేదు. రగ్బీ తెల్లవారి అభిమాన క్రీడ, న్యాయమూర్తి తెల్లజాతీయుడు, అధ్యక్షుడు నల్లజాతీయుడు. మండేలా రాకపోతే దేశంలో అత్యధికులు ఆయననే సమర్థించి ఉండేవారు.

ఆయన వచ్చారు. ప్రశ్నలకు జవాబులు చెప్పారు. తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆయన సాక్ష్యం నమ్మదగినది కాదని కూడా న్యాయమూర్తి తన తీర్పులో వ్రాశారు. ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళింది. 1999లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసి, అధ్యక్షుడిని అలా పిలిపించవలసింది కాదని అభిప్రాయపడింది. అప్పటికి మండేలా పదవి నుండి తప్పుకొన్నారు.

ఈ చిన్న ఉదంతంలో ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం దాగి ఉంది. ఒక దేశానికి ప్రపంచంలో గౌరవం ఎక్కడ నుండి వస్తుంది? అందులో దేశాధినేత పాత్ర ఎంత?

ఊరిలో ఒక కుటుంబానికి పరపతి ఎలా వస్తుందో మనకు తెలుసు. ఎకరాలు ఉంటే కొంత వస్తుంది. కండబలం ఉంటే కొంత వస్తుంది. కాని అసలు పరీక్షలు మూడు. ఆ ఇంటివారికి అప్పు పుడుతుందా? తగవు వస్తే పెద్దమనిషిగా వారిని పిలుస్తారా? పెళ్ళి పందిట్లో నలుగురి పక్కన వారికి విస్తరి వేస్తారా? దేశాలకూ ఇవే పరీక్షలు. ఈ మూడింటిలోనూ ఘోరంగా తప్పి, ఆ తరువాత ఉత్తీర్ణమై, మళ్ళీ తడబడిన దేశం దక్షిణాఫ్రికా. అందుచేత దాని కథ మిగిలిన దేశాలకు పాఠ్యపుస్తకం వంటిది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికా అధ్యక్ష పదవి మన రాష్ట్రపతి పదవి వంటిది కాదు. అక్కడ పార్లమెంటు ఎన్నుకొనే అధ్యక్షుడే దేశాధినేత, ప్రభుత్వాధినేత కూడా. పాలనాధికారమంతా ఆయన చేతిలోనే ఉంటుంది. మంచి జరిగినా, చెడు జరిగినా బాధ్యత ఆయనదే.

వెలి

1948లో అధికారంలోకి వచ్చిన నేషనల్ పార్టీ జాతుల వేర్పాటును ప్రభుత్వ విధానంగా మార్చింది. మనిషి ఎక్కడ నివసించాలో, ఏ బడిలో చదవాలో, ఎవరిని పెళ్ళాడాలో అతని చర్మపు రంగును బట్టి చట్టమే నిర్ణయించేది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో నిరాయుధులైన నల్లవారి మీద పోలీసులు కాల్పులు జరపగా 69 మంది చనిపోయారు. 1961లో దక్షిణాఫ్రికా రిపబ్లిక్‌గా మారి కామన్వెల్త్ నుండి వైదొలగింది. 1970లో ఒలింపిక్ ఉద్యమం నుండి బహిష్కృతమయింది. 1974లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో పాల్గొనే హక్కును పోగొట్టుకొంది. 1977లో భద్రతా మండలి ఆ దేశానికి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించింది.

ఈ వెలికి శ్రీకారం చుట్టిన దేశం మనది. స్వాతంత్ర్యం ఇంకా రాకముందే, 1946లో, దక్షిణాఫ్రికాలోని భారతీయుల భూమి హక్కులను హరించే చట్టానికి నిరసనగా భారత ప్రభుత్వం ఆ దేశంతో వాణిజ్యాన్ని తెంచుకొంది. అదే ఏడు విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో భారత ప్రతినిధివర్గం ఈ సమస్యను ఐక్యరాజ్య సమితి ముందు పెట్టింది. ఆ తరువాత దశాబ్దాల పాటు దక్షిణాఫ్రికా ప్రయాణానికి చెల్లదన్న ముద్ర భారతీయ పాస్‌పోర్టుల మీద ఉండేది. 1974లో మన టెన్నిస్ జట్టు సోవియట్ యూనియన్‌ను ఓడించి డేవిస్ కప్ అంతిమ పోటీకి చేరుకొంది. అక్కడ ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. భారతదేశం ఆడలేదు. చేతికందబోయిన కప్పును వదులుకొంది.

ఈ పట్టుదల వెనుక రక్తసంబంధం కూడా ఉంది. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరులో మొదటి విడత ఒప్పంద కూలీలను నేటాల్ తీరంలో దించింది. ఆ తరువాతి యాభయ్యేళ్ళలో చెరకు తోటలలో పనికి వెళ్ళిన వేలాది మందిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, ఆ దూరదేశంలో భాషను నిలుపుకొంటూ వచ్చారు.

వెలి అయినా దక్షిణాఫ్రికా పేదదేశం కాదు. బంగారం ఉంది, వజ్రాలు ఉన్నాయి, ఆఫ్రికాలోనే బలమైన సైన్యం ఉంది. రహస్యంగా తయారు చేసుకొన్న అణుబాంబులు సైతం ఉన్నాయి. ఇన్ని ఉన్నా అధినేత నోటి నుండి వెలువడిన ఒక్క ఉపన్యాసం దేశాన్ని ఎంత దిగజార్చగలదో 1985లో తెలిసివచ్చింది. ఆ ఆగస్టు 15న అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోథా డర్బన్‌లో మాట్లాడబోతున్నారనీ, గొప్ప సంస్కరణలు ప్రకటిస్తారనీ ప్రపంచమంతా ఎదురుచూసింది. ఆయన సంస్కరణల మాట అటుంచి, ప్రపంచాన్నే బెదిరించే ధోరణిలో మాట్లాడారు. ఆ దేశపు నాణెం రాండ్ విలువ కుప్పకూలింది. అంతకు ముందే అనుమానంతో ఉన్న విదేశీ బ్యాంకులు పాత అప్పులను కొనసాగించడానికి నిరాకరించాయి. కొద్ది రోజులలోనే విదేశీ రుణాల చెల్లింపును ప్రభుత్వం నిలిపివేయవలసి వచ్చింది. బంగారు గనుల మీద కూర్చున్న దేశానికి అప్పు పుట్టలేదు!

మలుపు

1989లో బోథా స్థానంలోకి వచ్చిన ఎఫ్.డబ్ల్యు. డిక్లార్క్ అదే పార్టీ మనిషి. ఆయన నుండి ఎవరూ ఎక్కువ ఆశించలేదు. అయితే 1990 ఫిబ్రవరి 2న పార్లమెంటులో లేచి, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మీద నిషేధం తొలగిస్తున్నామనీ, మండేలాను విడుదల చేస్తామనీ ప్రకటించారు. ఫిబ్రవరి 11న, ఇరవై ఏడేళ్ళ చెర తరువాత, మండేలా బయటికి నడిచి వచ్చారు.

డిక్లార్క్ చేసిన మరొక పని అంతగా ప్రచారంలోకి రాలేదు. 1993 మార్చిలో ఆయన పార్లమెంటుకు ఒక రహస్యం వెల్లడించారు: దక్షిణాఫ్రికా ఆరు అణుబాంబులు తయారు చేసింది, వాటన్నిటినీ విప్పి ధ్వంసం చేసింది. అంతకు ముందే, 1991లో, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. సొంతంగా తయారు చేసుకొన్న అణ్వస్త్రాలను పూర్తిగా వదులుకొన్న మొదటి దేశం అదే. బాంబులు ఉన్నంత కాలం ఆ దేశానికి దక్కని గౌరవం, వాటిని వదులుకొన్న తరువాత దక్కడం గమనించదగ్గది.

పందిట్లో మొదటి విస్తరి వేసినవారు కూడా భారతీయులే కావడం విశేషం. 1991 నవంబరు 10న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో, క్లైవ్ రైస్ నాయకత్వాన, దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు ఇరవై ఒక్కేళ్ళ కాలంలో మొదటి అంతర్జాతీయ పోటీ ఆడింది. వెలివేయడంలో ముందున్న దేశమే చేయి పట్టి లోపలికి తీసుకొని రావడం న్యాయమే గదా.

1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారూ కలిసి మొదటిసారి ఓటు వేశారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు 62 శాతం పైగా ఓట్లు వచ్చాయి. మే 10న మండేలా అధ్యక్షుడుగా ప్రమాణం చేశారు. ఆ నెలలోనే భద్రతా మండలి ఆయుధ నిషేధాన్ని ఎత్తివేసింది. జూన్ 1న కామన్వెల్త్‌లో స్థానం తిరిగి వచ్చింది. అదే నెలలో ఐక్యరాజ్య సమితి సభలో ఇరవయ్యేళ్ళుగా ఖాళీగా ఉన్న కుర్చీలో దక్షిణాఫ్రికా ప్రతినిధి కూర్చున్నారు. 1995 జనవరి 26న మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి మండేలాయే. అప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వానికి ప్రధాని మన తెలుగువారైన పి.వి. నరసింహారావు.

ఇంట గెలిచి

కుర్చీ తిరిగి రావడం ఒక ఎత్తు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి మాటను నలుగురూ వినడం మరొక ఎత్తు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అన్న మన సామెతకు మండేలా అయిదేళ్ళ పాలనను మించిన వ్యాఖ్యానం దొరకదు.

ప్రపంచానికి గుర్తుండిపోయిన దృశ్యం 1995 జూన్ 24 నాటిది. జొహన్నెస్‌బర్గ్‌లో రగ్బీ ప్రపంచ కప్ అంతిమ పోటీ. దక్షిణాఫ్రికా జట్టు ధరించే ఆకుపచ్చ చొక్కాను నల్లవారు అణచివేతకు గుర్తుగా ద్వేషించేవారు. మండేలా ఆ చొక్కానే తొడుక్కొని, వీపు మీద జట్టు నాయకుడు ఫ్రాంస్వా పీనార్ ధరించే 6వ అంకెతో మైదానంలోకి వచ్చారు. దక్షిణాఫ్రికా 15-12 తేడాతో న్యూజిలాండ్‌ను ఓడించింది. తెల్లవారితో నిండిన క్రీడాంగణం ఆయన పేరు పెట్టి జయజయధ్వానాలు చేసింది. రెండు నెలల తరువాత ఆయన, వర్ణవివక్షకు రూపశిల్పి అయిన మాజీ ప్రధాని ఫెర్వూర్ట్ వితంతువు ఇంటికి వెళ్ళి తేనీరు సేవించారు. తనకు ఉరిశిక్ష పడవచ్చునన్న కేసులో ప్రభుత్వం తరఫున వాదించిన న్యాయవాదిని పిలిచి భోజనం పెట్టారు.

ఇవన్నీ ఛాయాచిత్రాలకెక్కిన సంగతులు. ఆ చిత్రాలు మాత్రమే ఉండి ఉంటే, ఆయన మంచి మనసున్న వృద్ధుడుగా మిగిలేవారు. విదేశాలలో రాయబారులు, బ్యాంకర్లు, న్యాయవేత్తలు గమనించినవి వేరే ఉన్నాయి.

1995లో మండేలా స్థానిక ఎన్నికల చట్టంలోని నిబంధనలను మారుస్తూ కొన్ని ఉత్తర్వులు జారీ చేశారు. పార్లమెంటే ఆయనకు ఆ అధికారం ఇచ్చింది. కేప్ రాష్ట్రంలోని ప్రతిపక్ష ప్రభుత్వం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది. ఆ న్యాయస్థానం ఏర్పడి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. దాని న్యాయమూర్తులను నియమించినది మండేలాయే. వారు ఆయన ఉత్తర్వులను కొట్టివేశారు. చట్టాలు చేసే అధికారం పార్లమెంటుది. దానిని అధ్యక్షుడికి అప్పగించడానికి వీలులేదన్నారు. మండేలా ఆ తీర్పును బహిరంగంగా శిరసావహించారు. తాను నియమించినవారే తనను కాదన్నారన్న కినుక ఎక్కడా కనబడనీయలేదు.

1998 అక్టోబరులో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన గల సత్యాన్వేషణ, సామరస్య కమిషన్ నివేదిక వెలువడింది. అందులో పాత తెల్ల ప్రభుత్వపు దుర్మార్గాలతో పాటు, విముక్తి పోరాటంలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ చేసిన తప్పులనూ ఎత్తిచూపారు. నివేదికను ఆపాలని ఆ పార్టీ న్యాయస్థానానికి వెళ్ళి ఓడిపోయింది. మండేలా మాత్రం దేశాధ్యక్షుడుగా ఆ నివేదికను స్వీకరించారు. పార్టీ ఒక వైపు, సత్యం ఒక వైపు ఉన్నప్పుడు ఆయన ఎటు నిలబడ్డారో ప్రపంచం చూసింది.

1996 డిసెంబరు 10న ఆయన కొత్త రాజ్యాంగం మీద సంతకం చేశారు. అందుకు ఎంచుకొన్న చోటు 69 మంది బలి అయిన షార్ప్‌విల్. ఆ రాజ్యాంగం 11 భాషలను అధికార భాషలుగా ప్రకటించి, దేశంలో వాడుకలో ఉన్న మరికొన్ని భాషలను గౌరవించి పెంపొందించాలని ఆదేశించింది. వాటిలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు మన తెలుగు పేరు కూడా ఉంది. చెరకు తోటల కూలీల భాష ఒక దేశపు రాజ్యాంగంలోకి ఎక్కింది. అదే రాజ్యాంగం ఒక వ్యక్తి రెండు పర్యాయాలకు మించి అధ్యక్షుడుగా ఉండరాదని నిర్దేశించింది. మండేలా ఒక్క పర్యాయంతోనే చాలించుకొన్నారు. ఆఫ్రికాలో స్వాతంత్ర్య వీరులు చాలామంది అప్పటికే ఆజీవన పాలకులుగా మారి ఉన్నారు. ప్రజలు కోరుతుండగా 1999 జూన్‌లో లేచి వెళ్ళిపోయిన మండేలా చర్యను ఆ నేపథ్యంలో చూస్తే దాని విలువ తెలుస్తుంది.

రచ్చ గెలిచిన వైనం

ఇంట సంపాదించిన ఈ పరపతి బయట ఎలా పనికి వచ్చిందో మూడు ఉదాహరణలు చాలు.

1995లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని కొనసాగించే విషయమై న్యూయార్కులో మహాసభ జరిగింది. అణ్వస్త్రాలు ఉన్న దేశాలకూ, లేని దేశాలకూ మధ్య పెద్ద అగాధం ఏర్పడింది. రాజీ సూత్రాలు రూపొందించి రెండు పక్షాలనూ ఒప్పించడంలో దక్షిణాఫ్రికా ముఖ్యపాత్ర వహించింది. బాంబును చేతులారా పారవేసినవాడి మాటను ఇరుపక్షాలూ విన్నాయి.

1997 సెప్టెంబరులో మందుపాతరల నిషేధ ఒప్పందం ఓస్లో నగరంలో ఖరారయినప్పుడు ఆ సమావేశానికి అధ్యక్షత వహించినవారు దక్షిణాఫ్రికా రాయబారి జాకీ సెలెబీ.

మూడవది లాకర్‌బీ తగవు. 1988లో స్కాట్లండ్‌లోని ఆ ఊరి మీద అమెరికా విమానం పేలిపోయి 270 మంది మరణించారు. అనుమానితులైన ఇద్దరు లిబియా దేశస్థులను అప్పగించమని అమెరికా, బ్రిటన్ పట్టుబట్టాయి. గడాఫీ నిరాకరించారు. ఏళ్ళ తరబడి ఆంక్షలు కొనసాగాయి. అమెరికా అసంతృప్తిని లెక్కచేయక మండేలా 1997లో లిబియా వెళ్ళారు. తన పోరాట కాలంలో ఆదుకొన్న మిత్రుడిని ఎవరో కాదన్నారని విడిచిపెట్టనన్నారు. ఆ మైత్రే మధ్యవర్తిత్వానికి దారి అయింది. సౌదీ అరేబియాతో కలిసి ఆయన సాగించిన సంప్రదింపుల ఫలితంగా, 1999 ఏప్రిల్‌లో ఆ ఇద్దరినీ నెదర్లండ్స్‌లో విచారణకు అప్పగించారు. తగవుకు పెద్దమనిషిని పిలవడమంటే ఇదే.

అందని చోట్లు

ఒక మనిషి కీర్తితోనే అన్ని పనులూ జరుగుతాయనుకొంటే పొరబాటు. 1995లో నైజీరియా సైనిక ప్రభుత్వం రచయిత కెన్ సారో-వివాకు, మరి ఎనమండుగురికి ఉరిశిక్ష విధించింది. మెత్తని మాటలతో నచ్చజెప్పవచ్చునని మండేలా భావించారు. నవంబరు 10న, కామన్వెల్త్ నాయకులు న్యూజిలాండ్‌లో సమావేశమై ఉండగానే, తొమ్మిది మందినీ ఉరితీశారు. ఆగ్రహించిన మండేలా నైజీరియా మీద కఠినమైన ఆంక్షలు విధించమన్నారు. ఆఫ్రికా దేశాలు కలిసి రాలేదు సరికదా, పాశ్చాత్యుల పక్షం వహించాడని ఆయననే తప్పుపట్టాయి. నీతి బలానికి పొరుగువారి మద్దతు తోడు కాకపోతే ఎంత ఒంటరితనమో అప్పుడు తెలిసింది.

మనకు నచ్చని సందర్భమూ ఒకటుంది. 1998 సెప్టెంబరులో డర్బన్‌లో అలీన దేశాల శిఖరాగ్ర సభ జరిగింది. అంతకు నాలుగు నెలల ముందే భారత్, పాకిస్తాన్ అణు పరీక్షలు జరిపాయి. ప్రారంభోపన్యాసంలో మండేలా జమ్మూ-కాశ్మీర్ సమస్యను ప్రస్తావించి, పరిష్కారానికి అలీన దేశాలు తోడ్పడాలన్నారు. అది ద్వైపాక్షిక విషయమన్న భారతదేశానికి సహజంగానే కష్టం కలిగింది. ప్రధాని వాజపేయి ప్రభుత్వం తన అభ్యంతరాన్ని దాచుకోలేదు. యాభయ్యేళ్ళ స్నేహం మీద ఒక నీడ పడి, తొలగిపోయింది. పెద్దమనిషి అనిపించుకొన్నవాడికి పిలవని తగవులో కూడా మాట్లాడాలనిపించడం ఆ హోదాలో ఉన్న చిక్కు.

ఇంట కూడా ఆయన చేయలేనివి ఉన్నాయి. ఎయిడ్స్ మహమ్మారిగా విస్తరిస్తున్న ఆ అయిదేళ్ళలో ప్రభుత్వం తగినంత శ్రద్ధ చూపలేదు. ఆయన పాలన చివరి ఘడియలలో రూపుదిద్దుకొన్న ఆయుధాల కొనుగోలు వ్యవహారం తరువాతి కాలంలో అవినీతి కుంభకోణంగా దేశాన్ని వెంటాడింది.

వారసుల చేతిలో

మండేలా తరువాత వచ్చిన థాబో ఎంబెకీ మేధావి. 2002లో ఆఫ్రికన్ యూనియన్ అవతరణకు ఆయన కృషి ఎంతో ఉంది. కాని ఎయిడ్స్ వ్యాధికి కారణం వైరసే అన్న శాస్త్ర నిర్ణయాన్ని ఆయన శంకించారు. 2000 జూలైలో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభలో కూడా పేదరికాన్నే ముందుకు తెచ్చి మాట్లాడడంతో శాస్త్రజ్ఞులు నిర్ఘాంతపోయారు. గర్భిణులకు మందు అందజేయమని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. సకాలంలో మందులు ఇవ్వనందువల్ల 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా కట్టారు. నాయకుడి మొండితనానికి దేశం చెల్లించిన మూల్యంలో అంతర్జాతీయ అపకీర్తి చిన్న భాగం మాత్రమే.

2009లో అధ్యక్షుడైన జేకబ్ జూమా కాలంలో పతనం మరొక రూపం దాల్చింది. స్వగ్రామంలోని సొంత ఇంటికి ప్రజాధనంతో చేయించుకొన్న హంగుల డబ్బు తిరిగి చెల్లించాలన్న నివేదికను ఆయన పట్టించుకోలేదు. రాజ్యాంగాన్ని నిలబెట్టవలసిన బాధ్యతలో అధ్యక్షుడు విఫలమయ్యాడని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మన సహరన్‌పూర్ నుండి వెళ్ళి అక్కడ వ్యాపారం చేసిన గుప్తా సోదరులతో ఆయన సాన్నిహిత్యం దేశమంతటా మారుమోగింది. 2013లో వారింటి పెళ్ళికి వచ్చిన అతిథుల విమానం ఏకంగా సైనిక విమానాశ్రయంలో దిగింది! ప్రభుత్వ సంస్థలను, పదవుల నియామకాలను వారు ఎలా ప్రభావితం చేశారో న్యాయమూర్తి రేమండ్ జోండో కమిషన్ తరువాత సంపుటాల కొద్దీ వివరించింది.

మన మూడు పరీక్షలనూ ఇక్కడ మళ్ళీ పెట్టి చూడవచ్చు. 2015 జూన్‌లో, అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం అరెస్టు వారెంటు జారీ చేసిన సూడాన్ అధ్యక్షుడు బషీర్ సమావేశం కోసం జొహన్నెస్‌బర్గ్ వచ్చారు. ఆయనను దేశం విడిచి పోనీయవద్దని హైకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం అమలులో ఉండగానే ఆయన విమానమెక్కి వెళ్ళిపోయారు. 2017లో ఆర్థిక మంత్రి ప్రవీణ్ గోర్ధన్‌ను జూమా తొలగించిన కొద్ది రోజులకే రెండు ప్రముఖ అంతర్జాతీయ సంస్థలు దక్షిణాఫ్రికా రుణ యోగ్యతను అధమ శ్రేణికి దించివేశాయి. 1985 నాటి కథ మరొక రంగులో పునరావృతమయింది. చివరకు ఓస్లోలో మందుపాతరల సభకు అధ్యక్షత వహించిన సెలెబీ సైతం, పోలీసు శాఖాధిపతిగా లంచం తీసుకొన్న నేరానికి 2010లో శిక్ష పడి జైలుకు వెళ్ళారు. దేశానికి ఒకప్పుడు కీర్తి తెచ్చిన వ్యక్తే అపకీర్తికి గుర్తయ్యాడు.

మిగిలినది

అయితే కథ అంతటితో ముగియలేదు. 2018 ఫిబ్రవరిలో సొంత పార్టీ ఒత్తిడికి తలొగ్గి జూమా రాజీనామా చేశారు. విచారణ కమిషన్ ముందు హాజరు కావాలన్న రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశాన్ని ధిక్కరించినందుకు 2021లో ఆయనకు 15 నెలల కారాగార శిక్ష పడింది. జూలైలో ఆయన జైలుకు వెళ్ళగానే చెలరేగిన అల్లర్లలో 350 మందికి పైగా చనిపోయారు. డర్బన్ శివారులో భారతీయ సంతతివారు ఎక్కువగా నివసించే ఫీనిక్స్ ప్రాంతంలో జాతుల మధ్య నెత్తురు చిందింది. దేశం వణికిపోయింది గాని తీర్పు నిలిచింది.

ఇద్దరు అధ్యక్షులను న్యాయస్థానం సాక్ష్యానికి రమ్మన్నది. ఒకరు పదవిలో ఉండగా వెళ్ళారు. ఒకరు పదవి పోయిన తరువాత కూడా వెళ్ళనన్నారు. మొదటివారు వెళ్ళి ఉండకపోతే, రెండవవారిని శిక్షించే ధైర్యం ఆ న్యాయస్థానానికి మిగిలి ఉండేదా? అధినేత తన అధికారంలో కొంత కోల్పోయి ఒక సంస్థకు ఇచ్చినది, రెండు దశాబ్దాల తరువాత ఆ దేశాన్ని కాపాడింది.

2024 మే ఎన్నికలలో మండేలా పార్టీకి దాదాపు 40 శాతం ఓట్లే వచ్చాయి. ముప్పయ్యేళ్ళుగా ఉన్న మెజారిటీ పోయింది. అధ్యక్షుడు సిరిల్ రమఫోసా ఫలితాన్ని అంగీకరించి, నిన్నటి ప్రత్యర్థులతో కలిసి ప్రభుత్వం ఏర్పరచారు. అంతకు కొద్ది నెలల ముందు, 2023 డిసెంబరులో, గాజా యుద్ధం విషయమై దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్ మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. ఆ చర్యను మెచ్చుకొన్నవారున్నారు, నిందించినవారున్నారు. బలవంతులైన దేశాలు కొన్ని ఆగ్రహించాయి కూడా. ఒకప్పుడు అంతర్జాతీయ సభలు తలుపులు మూసిన దేశం, ఇప్పుడు అంతర్జాతీయ న్యాయపీఠం తలుపు తట్టి తన మాట వినిపించుకోగలిగిందన్నది మాత్రం వాస్తవం.

ఒక అధినేత గొప్పతనం వల్ల దేశానికి వచ్చే గౌరవం, పెద్దాయన బ్రతికున్నంత కాలం ఇంటికి వచ్చే బంధువుల వంటిది. ఆయన పోగానే రాకపోకలు తగ్గిపోతాయి. ఆ గౌరవాన్ని ఆయన తరువాత కూడా నిలబెట్టేవి చట్టం, న్యాయస్థానం, గడువు తీరగానే ఖాళీ అయ్యే కుర్చీ. 1998లో ఒక రగ్బీ వ్యాజ్యంలో మండేలా ఓడిపోయారు. ఆ ఓటమిని ఆయన హుందాగా అంగీకరించినందువల్ల దక్షిణాఫ్రికా సంపాదించినది ఎంతో, ఆయన వారసుల తప్పుల మధ్య కూడా చెక్కుచెదరక నిలిచిన ఆ రాజ్యాంగ న్యాయస్థానాన్ని చూస్తే తెలుస్తుంది.